ఓడిపోతున్న కళాశాల వాలీబాల్ జట్టును నిలబెట్టడం: ఒక ఏడాది ప్రణాళిక

కళాశాల జట్టు ఓడిపోయి బస్సెక్కినప్పుడు వినిపించే మాట ఒకటే: "మనకు ఎత్తున్న స్మాషర్ లేడు సార్." డిగ్రీ కళాశాలల జట్లతో తిరిగిన ఇన్నేళ్లలో ఈ మాట లెక్కలేనన్నిసార్లు విన్నాను, నేనూ అన్నాను. తీరా ఆరడుగుల రెండంగుళాల కుర్రాడు దొరికిన ఏడాది కూడా మొదటి రౌండులోనే ఇంటికి వచ్చాం. పాపం, ఆ కుర్రాడు రెండు సెట్లూ చేతులు పైకెత్తి ఎదురుచూడటమే సరిపోయింది. అతని దాకా బంతి వస్తే కదా.

ఫిజికల్ డైరెక్టర్లకు ఇందులో తెలిసిన విషయాలే ఎక్కువగా కనిపించవచ్చు. పి.డి. పోస్టు ఖాళీగా ఉండి, ఆటల బాధ్యత నెత్తిన పడిన కామర్స్ లెక్చరర్‌ను, జట్టును తనే నడుపుకోవాల్సి వచ్చిన విద్యార్థి కెప్టెన్‌ను మనసులో పెట్టుకుని రాస్తున్నాను.

ముందు ఓటమి లెక్క రాయండి

సాధన మొదలుపెట్టకముందే ఒక స్నేహపూర్వక మ్యాచ్ ఆడించండి. మీరు మాత్రం అరవకుండా, సలహా ఇవ్వకుండా ఒక నోటుపుస్తకం పట్టుకుని కూర్చోండి. పోయిన ప్రతి పాయింటూ ఎలా పోయిందో ఒక్క మాటలో రాయండి.

నేను అలా తొలిసారి రాసిన సెట్టులో 12–25తో ఓడిపోయాం. పోయిన 25 పాయింట్లలో 7 మన సర్వీసు నెట్టుకు తగలడం వల్లో, బయట పడటం వల్లో పోయాయి. వాళ్ల సర్వీసును సరిగా అందుకోలేక 9 పోయాయి. మన స్మాషులు నెట్టులోకి వెళ్లి 4, నెట్టు తాకి ఒకటి, రొటేషన్ (సర్వీసు దక్కినప్పుడల్లా ఆరుగురూ ఒక్కో స్థానం జరిగే క్రమం) తప్పి ఒకటి. ప్రత్యర్థి నిజంగా కొట్టి గెలుచుకున్నవి మూడంటే మూడే. అంటే 25లో 22 మనం చేతిలో పెట్టి ఇచ్చినవే. ఆ కాగితాన్ని జట్టుకు చదివి వినిపిస్తే, ఎత్తున్న స్మాషర్ మాట ఆ ఏడాది మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మీ లెక్క వేరుగా ఉండవచ్చు. కానీ కింద పడిన జట్లలో సర్వీసు, రిసీవ్ కలిపి సగం దాటకపోతే నాకు ఆశ్చర్యమే. ఏడాది పనంతా ఈ కాగితం నుంచే పుడుతుంది కాబట్టి దాన్ని పారేయకండి.

కోర్టు, బంతులు

కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. చుట్టూ కనీసం 3 మీటర్ల ఖాళీ ఉండాలి కాబట్టి చదును చేయాల్సింది 24కు 15 మీటర్ల నేల. కొత్తగా వేస్తుంటే పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉంచండి. తూర్పు పడమరలుగా వేస్తే సాయంత్రం సాధనలో ఒక వైపు వాళ్లకు బంతి బదులు సూర్యుడే కనిపిస్తాడు. మట్టి కోర్టయితే మధ్య కాస్త ఎత్తుగా, అంచులు వాలుగా ఉంటే వానాకాలంలో నీరు నిలవదు. ఆటకు గంట ముందు నీళ్లు చల్లితే దుమ్ము లేవదు, కాలూ జారదు.

నెట్టు ఎత్తు దగ్గర చాలామంది తప్పు చేస్తారు. మగవారికి 2.43 మీటర్లు, ఆడవారికి 2.24 మీటర్లు. ఈ కొలత నెట్టు మధ్యలో చూడాలి. స్తంభాల దగ్గర సరిగ్గా కట్టి వదిలేస్తే మధ్యలో జానెడు కిందికి వేలాడుతుంది. దాని మీద స్మాష్ అలవాటైన కుర్రాడు టోర్నమెంటుకు వెళ్లాక ప్రతి బంతినీ నెట్టులోకి కొడతాడు. ఒక వెదురుకర్ర మీద ఈ రెండు కొలతల దగ్గరా రంగు గీతలు గీసి స్తంభం పక్కనే ఉంచండి. రోజూ సాధనకు ముందు మధ్యలో నిలబెట్టి చూడటం ఒకరి బాధ్యత.

పన్నెండు మందికి ఒక్క బంతితో సాధన చేస్తే పదకొండు మంది ప్రేక్షకులే. కనీసం ఎనిమిది బంతులు కావాలి. రెండు మంచివి మ్యాచ్‌లకు దాచి, మిగతావి చవకరకం తీసుకున్నా ఫరవాలేదు. బంతి బరువు 260 నుంచి 280 గ్రాములు. తడినేల మీద ఆడిన బంతి నీరు పీల్చి బరువెక్కుతుంది, అంచులు లేచిపోతాయి, కాబట్టి వాన పడిన రోజు పాత బంతులే తీయండి. గాలి గట్టిగా కొట్టడం ఇంకో దురలవాటు. రాయిలాంటి బంతితో రిసీవ్ నేర్పితే మొదటి వారంలోనే కొత్తవాళ్ల ముంజేతులు కమిలిపోతాయి, రెండో వారం రారు.

ఎవరిని తీసుకోవాలి

నోటీసు బోర్డు మీద కాగితం అంటిస్తే వచ్చేది ఎప్పుడూ వచ్చే ఆ ఆరుగురే. మొదటి సంవత్సరం తరగతులకు స్వయంగా వెళ్లి, ఊళ్లో వాలీబాల్ ఆడేవారెవరని అడగండి. సంక్రాంతికి పోటీలు జరిగే ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరు ఉంటారు. కబడ్డీ, హైజంప్ పిల్లలనూ వదలకండి. ఎగరడం, పడి లేవడం వాళ్లకు ముందే వచ్చు.

ఊరి ఆట నుంచి వచ్చేవాళ్లతో ఒక చిక్కుంది. చాలా ఊళ్లలో బూస్టర్ (స్మాషర్‌కు బంతి లేపి ఇచ్చేవాడు) ఎప్పుడూ మధ్యలోనే, స్మాషర్ ఎప్పుడూ మూలలోనే నిలబడి ఆడతారు. అందుకే ఊళ్లో పులిలా ఆడే కుర్రాడు వెనక వరుసకు తిరిగేసరికి పిల్లి అయిపోతాడు. అతన్ని తక్కువ చేసి మాట్లాడకండి. తనకు రాదని కాదు, ఎప్పుడూ అవసరం పడలేదు.

ఎంపిక రోజున నేను చూసేవి మూడు. తన వల్ల పాయింటు పోయాక మొహం ఎలా పెడతాడు? పక్కవాడు తప్పు చేస్తే ఏమంటాడు? బంతి దూరంగా పోతే తెచ్చేది ఎవరు? ఎత్తు కొలవడం ఆ తర్వాత. పన్నెండు మందికి సరిపడా జట్టు కావాలంటే పద్దెనిమిది మందితో మొదలుపెట్టాలి. దసరా సెలవుల నాటికి ఆరుగురు ఎలాగూ జారిపోతారు.

వేళ, హాజరు, ఇంటివాళ్లు

సగం జట్లు ఓడేది కోర్టు బయటే. మన డిగ్రీ పిల్లల్లో చాలామంది బస్సు మీద వచ్చిపోయేవాళ్లు. చివరి బస్సు అయిదున్నరకయితే మీ సాధన ఆరింటి దాకా ఉండి ప్రయోజనం లేదు. ముందు అందరి బస్సు వేళలూ రాసుకోండి. వారానికి మూడు రోజులు గంటన్నర చొప్పున అందరూ కలిసి, మిగతా రోజులు హాస్టల్ పిల్లలు విడిగా ఆడేలా నేను సర్దుకున్నాను. రోజూ వచ్చేది సగంమందే అయిన సాధన కంటే, మూడు రోజులే అయినా అందరూ వచ్చేదే మేలు.

తరగతుల హాజరు 75 శాతం నిబంధన నెత్తి మీద ఉంటుంది. టోర్నమెంటు రోజులకు ఆన్ డ్యూటీ ఇవ్వాలని ప్రిన్సిపాల్ దగ్గర ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, ఒక్కో ప్రతిని విభాగాధిపతులందరికీ అందించండి. జరిగిపోయాక బతిమాలితే పని కాదు. సాధన ఎగ్గొట్టడానికి ఇంటర్నల్ పరీక్షను సాకుగా చెప్పే కుర్రాడికీ, నిజంగానే వెనకబడిన కుర్రాడికీ తేడా తెలియాలంటే మార్కులు మీరే అడిగి చూస్తుండాలి.

ఆడపిల్లల జట్టుకు ఇంకాస్త శ్రద్ధ కావాలి. దుస్తులు మార్చుకోవడానికి తాళం పడే గది, మరుగుదొడ్డి, బయటి ఊరి పోటీలకు వెంట వచ్చే మహిళా అధ్యాపకురాలు. ఈ మూడూ లేకుండా "అమ్మాయిలు రావడం లేదు" అనడం న్యాయం కాదు. ఇంట్లో ఒప్పించాల్సి వస్తే ఫోనులో కాదు, ఇంటికి వెళ్లి మాట్లాడండి. ఒకసారి ఒక తండ్రి "బంతాటతో ఏమొస్తుంది మేడమ్?" అని నాతో వచ్చిన సహాధ్యాపకురాలిని అడిగారు. ఆవిడ తొణకలేదు. "పి.వి. సింధు అమ్మానాన్నలు ఇద్దరూ వాలీబాల్ ఆడినవాళ్లేనండి. నాన్న రమణగారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నారు" అన్నారు. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే చీకటి పడకముందు పంపండి" అన్నారు. పంపాం.

మొదటి ఆరు వారాలు: రిసీవ్, రిసీవ్, మళ్లీ రిసీవ్

ఈ ఆరు వారాలు స్మాష్ సాధనను రోజుకు పది నిమిషాలకు కుదించండి. గొణుగుతారు, గొణగనివ్వండి.

ఒక పాత సైకిల్ టైరు తెచ్చి, నెట్టుకు మీటరున్నర దూరంలో, మధ్య నుంచి కొంచెం కుడివైపుగా నేల మీద పెట్టండి. ఎవరు సర్వీసు అందుకున్నా బంతి ఆ టైరు మీదికే రావాలి. బూస్టర్ ఒక కాలు టైరులో పెట్టి నిలబడతాడు. "పాస్ బాగా ఇవ్వు" అని వందసార్లు అరిచినా రానిది ఆ టైరు వల్ల వస్తుంది. బాగా అంటే ఎక్కడికో కళ్లకు కనిపిస్తుంది కదా.

చేతుల సంగతి. రెండు బొటనవేళ్లు పక్కపక్కన సమానంగా, మోచేతులు నిటారుగా ఉండాలి. బంతి తగలాల్సింది వేళ్లకు కాదు, మణికట్టుకు కాస్త పైన ముంజేతి మెత్తని భాగానికి. కొత్తవాళ్లు చేతులను ఊపుతారు. సర్వీసులో వేగం ముందే ఉంటుంది కాబట్టి ఊపితే బంతి నెట్టు దాటి అవతలికి పోతుంది, లేదా చెట్టెక్కుతుంది. చేతులు బల్లలా నిశ్చలంగా ఉండాలి, దిశ భుజాలు చెప్పాలి. ఒక అమ్మాయికి ఇది రెండు వారాలు పట్టుబడలేదు. చివరికి చేతులను వదిలేసి కాళ్లు చూశాను. బంతి వచ్చాక కదులుతోంది. అవతలివాళ్ల చేయి బంతిని తాకగానే తొలి అడుగు వేయమని చెప్పి, ఆ రోజు బంతిని అందుకోవద్దన్నాను. ఊరికే దాని కిందికి వెళ్లి నిలబడి, అది ఛాతీకి తగలనివ్వడమే పని. మర్నాడు చేతులు కలిపితే పది సర్వీసుల్లో ఆరు టైరు దగ్గర పడ్డాయి. లోపం మొదటినుంచీ కాళ్లలోనే ఉందన్నమాట.

ప్రతి రిసీవ్‌కూ మార్కు వేయండి. బూస్టర్ కదలకుండా అందితే 3. పరుగెత్తి అందుకోగలిగితే 2. ఎలాగోలా అవతలికి పంపడం తప్ప ఏమీ చేయలేకపోతే 1. పాయింటు పోతే 0. తొలి వారం జట్టు సగటు ఒకటికి అటూఇటూ ఉంటే కంగారు పడవద్దు. రెండుకు చేరిన నాడు మీ జట్టు వేరే జట్టు అవుతుంది. ఈ మార్కుల కాగితం గోడ మీద ఉండాలి. అందులో పేరున్న స్మాషర్ కంటే పొట్టి కుర్రాడు పైన ఉండటం జట్టు మొత్తానికీ మంచి చేస్తుంది. ఆ కుర్రాడే మీ లిబరో, అంటే వెనక వరుసలో బంతి అందుకోవడానికే ఉండే ఆటగాడు. లిబరో సర్వీసు చేయకూడదు, బ్లాక్ చేయకూడదు (నెట్టు దగ్గర చేతులెత్తి స్మాష్‌ను అడ్డుకోకూడదు), అతని బనియను రంగు మిగతావారికి భిన్నంగా ఉండాలి. ఈ చివరిది మరిచిపోయి టోర్నమెంటులో పక్క జట్టు దగ్గర చొక్కా అరువడిగిన కోచ్‌లు నాకు తెలుసు. ఒకసారి ఆ కోచ్ నేనే.

సర్వీసు

మా పెద్దలు "గట్టిగా కొట్టు, పోతే పోయింది" అనేవారు. వాళ్ల కాలానికి అది సబబే. అప్పట్లో సర్వీసు చేసే జట్టుకే పాయింటు వచ్చేది, సర్వీసు తప్పితే అవకాశం మారేది అంతే. 1990ల చివర్లో ర్యాలీ పాయింట్ పద్ధతి వచ్చాక తప్పిన ప్రతి సర్వీసూ ప్రత్యర్థికి ఉచిత పాయింటు. సలహా మాత్రం ఊళ్లలో అలాగే మిగిలిపోయింది.

తిరగకుండా తేలుతూ వెళ్లే ఫ్లోట్ సర్వీసు అందరికీ నేర్పండి. అరచేతి మడమతో బంతి నడుమన చిన్న దెబ్బ కొట్టి చేయి అక్కడే ఆపేయాలి. అవతలి కోర్టు వెనక మూలల్లో రెండు తువ్వాళ్లు పరచండి. పదికి ఎనిమిది లోపల పడాలి, వాటిలో మూడు తువ్వాలు దరిదాపుల్లో ఉండాలి. సాధన చివర, అందరూ అలసిపోయి ఉన్నప్పుడు ఒక్కొక్కరు రెండేసి సర్వీసులు అందరి ముందు చేయాలి. 23–23 దగ్గర ఉండే గుండెదడకు ఇంతకంటే దగ్గరి సాధన నాకు దొరకలేదు.

బూస్టర్

సెట్టర్ అనండి, లిఫ్టర్ అనండి, మన దగ్గర ఎక్కువగా వినిపించేది బూస్టరే. స్మాష్ రాని పొట్టివాడిని ఈ చోట నిలబెట్టడం పెద్ద పొరపాటు. ప్రతి ర్యాలీలో రెండో బంతి ఇతనిదే కాబట్టి జట్టులో అందరికంటే నెమ్మదస్తుడు, ఎక్కువగా మాట్లాడేవాడు, ఎప్పుడూ ఆలస్యంగా రానివాడు కావాలి. రోజూ గోడకు రెండు వందల బంతులు వేళ్లతో ఆడాలి, తర్వాత టైరు దగ్గర నుంచి ఎడమ మూలకు యాభై. ఎడమ మూల దగ్గర యాంటెన్నాకు (నెట్టు అంచున నిలబెట్టే కడ్డీకి) అడుగు లోపల, నెట్టుకు మూడడుగుల దూరంలో ఒక బుట్ట పెడితే అదే కొలత. ఎత్తుగా, ప్రతిసారీ ఒకేలా పడే బంతి చాలు. టీవీలో చూసి వెనక్కి, ఒంటిచేత్తో వేసే విద్యలు రెండో ఏడాదికి వాయిదా వేయండి. ఇద్దరిని తయారు చేయాలి, ఒక్కరే ఉంటే ఒక చీలమండ బెణుకుతో మీ ఏడాది ముగిసిపోతుంది.

ఇద్దరూ ఉంటే 4–2 పద్ధతిలో, అంటే నలుగురు స్మాషర్లు, ఇద్దరు బూస్టర్లతో ఆడండి. ఇద్దరు బూస్టర్లు ఒకరికొకరు ఎదురుగా, ఒకరు 1వ స్థానంలో (వెనక వరుస కుడి మూల) ఉంటే మరొకరు 4వ స్థానంలో (ముందు వరుస ఎడమ మూల) ఉంటారు. ఎప్పుడూ ముందు వరుసలో ఒక బూస్టర్, ఇద్దరు స్మాషర్లు. ముందున్న బూస్టరే బంతి లేపుతాడు కాబట్టి వెనక నుంచి పరుగెత్తుకు రావాల్సిన పని లేదు. పెద్ద జట్లు ఒక్క బూస్టర్‌తో 5–1 ఆడతాయి. చూడటానికి బాగుంటుంది కానీ కొత్త జట్టు దాన్ని ఎత్తుకుంటే సర్వీసు వేళకు ఎవరు ఎక్కడ నిలబడాలో తేలక రొటేషన్ తప్పులకే పాయింట్లు పోతాయి. ఆరు రొటేషన్లనూ నేల మీద సుద్దతో గీసి, బంతి లేకుండా నడిపించండి. రిసీవ్‌కు ముందు బూస్టర్ తప్ప అయిదుగురూ నిలబడే అమరికే మొదటి ఏడాదికి భద్రం. రిసీవ్ పట్టుబడ్డాక దాన్ని ముగ్గురికి కుదించవచ్చు.

స్మాష్, బ్లాక్

వీటిని నేర్చుకోమని ఎవరినీ బతిమాలాల్సిన అవసరం లేదు, అందుకే కొద్దిగానే చెబుతున్నాను. స్మాషర్‌కు మూడడుగుల పరుగు, చివరి రెండడుగులు వేగంగా. ప్రతి బంతినీ చంపాలని చూడకుండా, బంతి సరిగా రానప్పుడు వెనక మూలకు తోసేయడం నేర్పండి. బ్లాక్‌లో చేతులు నెట్టు అవతలికి వంచడం కంటే నెట్టు తాకకుండా దిగడం ముందు. మట్టి కోర్టు మీద రోజూ వందల గెంతులు గెంతిస్తే మోకాళ్లు నొప్పి పెడతాయి, కాబట్టి వారంలో రెండు రోజులే గెంతులు. నెట్టు కింద అవతలివాడి పాదం మీద దిగి చీలమండ మడతపడటం ఈ ఆటలో తరచూ జరిగేదే. ఐస్, గుడ్డకట్టు దగ్గర ఉంచుకోండి. వాపు తగ్గకపోయినా, కాలు మోపలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. నూనె రాసి లాగే పెద్దమనుషులను దగ్గరికి రానివ్వకండి.

డబ్బు

"సార్, ఆటలకు నిధులు ఇప్పించండి" అని అడిగితే ఎవరూ ఇవ్వరు. "ఎనిమిది బంతులు, ఒక నెట్టు, రెండు యాంటెన్నాలు, పన్నెండు జతల జెర్సీలు, సాధన రోజుల్లో ఒక్కొక్కరికి ఒక అరటిపండు, ఒక ఉడికించిన గుడ్డు" అని ధరలతో సహా రాసి ఇవ్వండి. గేమ్స్ ఫీజు నుంచి బంతులు, నెట్టు వస్తాయి. జెర్సీల వెనక పేరు వేస్తామంటే ఊళ్లో ఎరువుల దుకాణమో, మొబైల్ దుకాణమో ముందుకొస్తుంది. గుడ్ల ఖర్చుకు పాత విద్యార్థులను అడగండి. ఆడి వెళ్లినవాళ్లకు ఆకలి గుర్తుంటుంది, కాదనరు. వచ్చిన ప్రతి రూపాయికీ లెక్క రాసి జట్టుకు చూపించండి.

పోటీలకు ముందు, పోటీ రోజున

అసలు పోటీలకు ముందు కనీసం ఆరు స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడాలి. రెండు మీరు గెలవగల జట్లతో, రెండు సమానులతో, రెండు మిమ్మల్ని చిత్తుగా ఓడించే జట్లతో. చుట్టుపక్కల ఊరి జట్లు మూడో కోవకు బాగా పనికొస్తాయి. ముప్పై దాటిన మొనగాళ్లు ఎగరకుండానే ఖాళీ చోటు చూసి బంతి వేస్తుంటే మన పిల్లలకు కళ్లు తెరుచుకుంటాయి. ప్రైమ్ వాలీబాల్ లీగ్ మ్యాచ్‌లూ కలిసి చూడండి. 2022లో దాని తొలి సీజన్ హైదరాబాద్ గచ్చిబౌలిలోనే జరిగింది. చూసేటప్పుడు షరతు ఒకటే: స్మాష్ చూడకూడదు, సర్వీసు అందుకునేవాళ్ల కాళ్లే చూడాలి.

అర్హత పత్రాలు, ఫొటోలు, గుర్తింపు కార్డులు వారం ముందే ఒక ఫైల్లో పెట్టండి. సంతకం లేని ఒక్క కాగితం వల్ల బెంచీకే పరిమితమైన మంచి ఆటగాడిని చూశాను, ఆ తప్పు అతనిది కాదు.

మ్యాచ్‌లో సెట్టుకు రెండే టైమౌట్‌లు, ఒక్కొక్కటి 30 సెకన్లు. ప్రత్యర్థి వరుసగా మూడు పాయింట్లు తీయగానే మొదటిది వాడేయండి. అయిదారు పాయింట్లు పోయాక అడిగితే అప్పటికే మొహాలు వాలిపోయి ఉంటాయి. ఆ ముప్పై సెకన్లలో పది సంగతులు చెప్పకండి. నీళ్లు తాగనిచ్చి ఒక్క మాట: "వాళ్ల సర్వీసు పొట్టిగా పడుతోంది, అడుగు ముందుకు జరగండి." అంతే. ఓడిన మ్యాచ్ తర్వాత ఆ సాయంత్రం విశ్లేషణ వద్దు. భోజనం పెట్టించండి, లెక్కల కాగితం మర్నాడు తీయండి.

రెండో ఏడాది కోసం

డిగ్రీ మూడేళ్లే. కష్టపడి తయారుచేసిన బూస్టర్ ఒక ఏప్రిల్‌లో సెలవు తీసుకుని వెళ్లిపోతాడు. అందుకే తుది జట్టులో ప్రతి సంవత్సరం నుంచీ కనీసం ముగ్గురు ఉండేలా చూడండి, ఆఖరి సంవత్సరం వాళ్లు కాస్త మెరుగ్గా ఉన్నా సరే. వైస్ కెప్టెన్‌గా రెండో సంవత్సరం వాళ్లనే పెట్టండి. సర్వీసు, రిసీవ్ మార్కుల పుస్తకం రాసే పని మొదటి సంవత్సరం పిల్లలకు అప్పగించండి. ఎవరి ఆట ఎక్కడ కుంటుతోందో రాస్తూ రాస్తూ వాళ్లే పసిగడతారు.

వెళ్లిపోయేవాళ్లకు చివరి నెలలో ఒక పని ఉంటుంది. ఒక్కొక్కరు ఒక కొత్త కుర్రాడిని పక్కకు తీసుకెళ్లి, టైరు దగ్గర నిలబెట్టి, రోజుకు యాభై సర్వీసులు వేయాలి. మా దగ్గర ఇప్పుడున్నది మూడో టైరు. మొదటిది అరిగి తెగిపోయింది, రెండోదాన్ని వాచ్‌మన్ సైకిల్‌కు వేసుకున్నాడు.